తీరిక యెవరి సొత్తు?

ధనము పోయిన మరల ఆర్జింపవచ్చును; కాలము పోయిన మరల రాదు. ఈ మాట అందరికిని తెలిసినదే. అయినను దేహమునకు, ఆత్మకు మేలుచేయు చిన్న పనులకై దినమునకొక గడియ, అనగా 24 నిమిషములు, కేటాయింపుమనిన "తీరిక లేదు" అను సమాధానమే మన యిండ్లలో వినవచ్చుచున్నది. తీరిక లేకపోవుట నేడొక గౌరవచిహ్నమైనది. ఇది ధర్మమేనా యని మనము విచారింపవలెను.

మన పూర్వుల కాలము వారి సొత్తు కాదు. 1834 మొదలు 1920 వరకు దాదాపు ఐదు లక్షలమంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా పోర్ట్ లూయీ రేవున దిగిరి. వారిలో తెలుగువారికి కోరంగి రేవును బట్టి కోరంగులను పేరు వచ్చినది. తొలినాటి ఒడంబడిక ఐదేండ్లు, జీతము నెలకు 5 రూపాయలు. ఒక దినము పని మానినచో రెండు దినముల కూలి కోసెడివారు. దానినే "డబుల్ కట్" అనిరి.

అట్టి స్థితిలోనే వారు తులసిని నాటిరి, ఉగాది జరుపుకొనిరి, దీపము చుట్టును తిరుగుచు రామభజన చేసిరి. తోట యజమాని లెక్కపుస్తకమున ఆ గడియలకు విలువ లేదు. కాని నేడు మనకు దక్కిన భాషయు, భక్తియు, బంధుత్వమును ఆ గడియల చలువయే.

"పెద్దలు చెమటోడ్చిరి గనుకనే మనము చదువుకొంటిమి, మనము విశ్రమించుట కృతఘ్నత కాదా?" యని కొందరు ఆక్షేపింతురు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. అయితే తీరిక వేరు, సోమరితనము వేరు. సోమరి తన పనిని ఇతరులపై మోపును. తీరిక యెరిగినవాడు తన పని ముగించుకొని, రేపటి పనికి దేహమును, మనస్సును సిద్ధపరచుకొనును. ఆహారవిహారములు, నిద్ర, పని అన్నియు మితముగా నుండవలెనని భగవద్గీత ఆరవ అధ్యాయము బోధించుచున్నది. పనికిని ఒక మితము కలదని దీని భావము.

మరియొక సంగతి. పండుగనాడు పురుషులు భజనలో నుండగా స్త్రీలు పొయ్యి వద్దనే నిలిచిన, ఆ పురుషుల తీరిక ఇల్లాండ్ర కాలమునుండి కోసినదే యగును. ఉద్యోగము చేసి వచ్చి, మరల యింటిపని యంతయు మోయు స్త్రీకిది నేటి "డబుల్ కట్". ఒకరి నుండి తీసుకొన్న తీరిక పుణ్యము నీయజాలదు. పంచుకొన్న తీరికయే ధర్మము.

ఇందుకు గొప్ప వ్రతములు అక్కరలేదు. వారమునకొక తలంటు, సంధ్యవేళ తులసి చెంత దీపము, పెరటి కరివేపాకు మొక్కకు చెంబెడు నీరు, టెలిఫోను ప్రక్కనుంచి అవ్వతాతలతో నాలుగు తెలుగు మాటలు, ఇంటిల్లిపాదియు కలసి వండుకొని అరటియాకున భుజించుట చాలును. వీటికి వ్యయము లేదు. పిల్లలకు భాషయు, ఆచారమును ఇట్టి వేళలలోనే పట్టుబడును.

నేడు మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినము. ఆనాడు మన కూలి కోయువాడెవడును లేడు. మన కాలమును మనమే కోసికొనకుండిన చాలును. రాబోవు ఉగాదికి ప్రతి గృహమునందును, ఇల్లాలు మొదలుకొని పసిబిడ్డ వరకు, అందరికిని ఆ గడియ తీరిక లభించుగాక!