కోటి విద్యలు ఎవరి కూటి కొఱకు?

కోటి విద్యలు కూటి కొఱకే యని మన పెద్దలు చెప్పిరి. మన యిండ్లలో ఈ సామెత వినని బాలుడు లేడు. చదువుపై మనసు నిలుపని కొడుకునకు తండ్రి దీనిని హెచ్చరికగా చెప్పును. చదివియు ఉద్యోగము దొరకనివాడు దీనినే నిట్టూర్పుగా చెప్పుకొనును. మేము బెంగుళూరులోని ఒక డిప్లొమా కళాశాల కార్యాలయమున ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవారము. మా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో ఆగినది. పాఠము చెప్పు అర్హత మాకు లేదు. పాఠమునకు రానివారి పేర్లు వ్రాయు పని మాత్రము మాది. ఆ పేర్లు వ్రాయుచు వ్రాయుచు మాకు కలిగిన యొక సందేహమును, దానికి తోచినంత సమాధానమును మన సంఘ సభ్యుల ముందుంచుచున్నాము.

సందేహ మిది. ఉద్యోగము కొఱకే ఏర్పడిన చదువులో విద్యార్థికి ఆసక్తి ఎట్లు కలుగును? అది కలుగనప్పుడు జీతము ఆశ చూపియో, నిరుద్యోగ భయము చూపియో వానిని చదివించుట ధర్మమేనా?

చరిత్రయో సాహిత్యమో చదువువాడు దీనివలన నాకేమి ప్రయోజనమని అడిగిన అడుగవచ్చును. విద్యుచ్ఛాస్త్రము, యంత్రశాస్త్రము, వాణిజ్యము చదువువానికి ఆ ప్రశ్నయే యుండరాదు గదా యని మొదట మేమును అనుకొంటిమి. హాజరుపట్టీ వేరు కథ చెప్పెను. నూటికి 75 వంతుల హాజరు లేనివాడు పరీక్షకు కూర్చుండరాదని నిబంధన. ప్రతి అర్ధసంవత్సరాంతమునను ఆ గీతకు దిగువ నున్నవారి జాబితా మా బల్లపైకి వచ్చెడిది. అందున్న వారందఱు సోమరులు కారు. మా కార్యాలయపు అరుగుపై కూర్చున్నవారిని పలుకరించినచో, ఆ శాఖను కోరి చేరినవాడు పదుగురిలో ఒకడైనను కనబడుట కష్టము. వచ్చిన మార్కులకు ఏ సీటు దొరకునో అందు చేరిరి. లేదా మేనమామ చెప్పినందున చేరిరి. ఏ పని కొఱకు చదువుచున్నారో ఆ పని చేయు మనిషిని దగ్గరగా చూచినవారే తక్కువ. ఉద్యోగము మూడేండ్ల యవతల నున్నది. గణితము నేటి ఉదయముననే యున్నది. కనబడని దూరపు ఊరి కొఱకు ఎండలో నడువుమన్నచో ఎవని కాలు సాగును?

ఇందుకు మేము కనిపెట్టిన మందు జీతము పేరు చెప్పుట. కొలువు దొరకినవారి పేర్లను, వారి జీతములను పెద్ద అక్షరములతో నోటీసుబోర్డున అంటించెడివారము. ఒక దోషమును ఇచట ఒప్పుకొనవలెను. ఇద్దరు యజమానులు పిలిచిన ఒకే బాలుని ఇద్దరిగా లెక్కించిన పట్టికను మేమే టైపు చేసితిమి. పైవారు చెప్పిరి, మేము చేసితిమి. ఆ సంఖ్యను చూచి మరుసటి యేడు అప్పు చేసి కొడుకును చేర్చిన తండ్రికి రశీదు వ్రాసి యిచ్చినదియు మేమే.

ఆ పట్టిక ప్రభావము ఒక వారముండెడిది. తరువాత బాలురు అడుగునది ఒకే ప్రశ్న: “సార్, ఇది పరీక్షలో వస్తుందా?” రానిచో పుస్తకము మూయుదురు. ఇది వారి తప్పని మేము అనజాలము. చదువునకు ఫలము జీతమొక్కటే యని చెప్పినవారము మనము. ఆ ఫలమునకు దగ్గరిదారి వెదకినవారు వారు. 1973లో అమెరికా దేశమున లెపర్, గ్రీన్, నిస్బెట్ అను ముగ్గురు పరిశోధకులు ప్రకటించిన యొక పరీక్ష ప్రసిద్ధమైనది. బొమ్మలు గీయుట యందు ముందే ఇష్టమున్న పసిపిల్లలలో కొందఱికి, గీసినచో బహుమానపత్ర మిత్తుమని చెప్పి గీయించిరి. కొన్ని దినములు గడచిన పిదప ఆ పిల్లలే బొమ్మలపై తక్కువ మక్కువ చూపిరి. ముందుగా చెప్పకుండ బహుమానము పొందినవారికి అట్టి నష్టము కలుగలేదు. బహుమానము చెడ్డది కాదు. దాని కొఱకే గీయుచున్నానని తోచుట చెడ్డది. మా బాలురకు మొదటినుండియు ఇష్టమే లేదు గదా యని ఒకరు అనవచ్చును. నిజమే. అయినను పుట్టవలసిన ఇష్టమునకు చోటు లేకుండ ఆశతో నింపివేసినచో అది యెక్కడ మొలచును?

మా యింటిలోను ఇదియే జరిగినది. మా పెద్దకుమారుని ఇంజనీరింగు కళాశాలలో చేర్చితిమి. చేర్చుటకు ముందు ఏ శాఖకు ఎంత జీతమో కాగితముపై గీతలు గీసి చూపితిమి. గుమాస్తాకు పట్టికలు వ్రాయుట అలవాటు గదా. మూడవయేట వాడు చదువు మానెను. అరచితిమి, బతిమాలితిమి. చివరకు వాడు మెల్లగా అన్న మాట యిది: “మీరు జీతం చూపించినారు గాని పని చూపించలేదు నాన్నా.” నేడు వాడొక అచ్చుకూటమున పనిచేసి తన కుటుంబమును పోషించుకొనుచున్నాడు. పండుగకు వచ్చిపోవును. ఆ మాట మాత్రము మాలో నిలిచిపోయినది.

అటు పిమ్మట రెండేండ్లకు మా కళాశాల విద్యార్థి వసతిగృహమున నీటి మోటారు చెడిపోయెను. స్విచ్చి వేసినచో మూలుగును గాని తిరుగదు. కరెంటు పనివాడు పండుగకు ఊరికి పోయియుండెను. విద్యుత్ శాఖలో రెండవయేడు చదువుచు, హాజరు తక్కువై మా అరుగుపై కూర్చున్న బాలుని చూచి, కొంత ఎగతాళిగానే అంటిమి: “కరెంటు చదువే కదప్పా చదివేది, ఆ మోటారు ఎందుకు తిరగదో చూడరాదా?” వాడు సిగ్గుపడి, “తెలీదు సార్” అని లేచి పోయి కార్యశాల బోధకుని పిలిచికొని వచ్చెను. ఆ బోధకుడు బుద్ధిమంతుడు. తాను చేయక, కరెంటు ఆపించి, ఒక్కొక్కటిగా వానిచేతనే పరీక్ష చేయించెను. ఒంటి ఫేజు మోటారునకు మొదటి కదలిక నిచ్చుటకు కపాసిటరు తోడు కావలెననియు, అది చెడినచో ఇట్లే మూలిగి ఊరకుండుననియు చెప్పెను. బాలుడు ఎస్.పి. రోడ్డునకు పోయి కొత్తది తెచ్చి బిగించెను. సాయంకాలమునకు నీరు పైకెక్కెను. వంటయింటి నుండి వంటామె వచ్చి, “నీళ్లొచ్చినాయి నాయనా, నీ కడుపు చల్లగుండ!” అనెను. వాడు మా బల్లయొద్దకు వచ్చి చెప్పిన మాట మేము మరువలేదు: “సార్, ఈ కపాసిటర్ పాఠం పోయిన నెల చెప్పినారంట. ఆ పొద్దు నేను రాలేదు.”

ఆనాటి నుండి వాడు మొదటి శ్రేణి విద్యార్థి యాయెనని చెప్పినచో అది కట్టుకథ యగును. గణితమున మరియొకమారు తప్పెను. మూడేండ్ల చదువు నాలుగేండ్లు పట్టెను. కాని పాఠమునకు వచ్చుట మొదలుపెట్టెను. ముప్పదియేండ్లుగా మేము అంటించిన పట్టికలు చేయలేని పనిని ఒక వంటామె మాట చేసినది. వాడు నేర్చినదానివలన ఎవరి ఇబ్బందియో తీరినది. తీరుట వాడు కన్నులార చూచినాడు.

మన బెంగుళూరు తెలుగువారము గర్వముతో స్మరించు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితమును ఈ వెలుగులో చూడవచ్చును. వారి పూర్వులు నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామమునుండి మైసూరు సీమకు వచ్చినవారు. 1861లో ముద్దేనహళ్లిలో జన్మించి, చిన్ననాడే తండ్రిని కోల్పోయి, సెంట్రల్ కాలేజీలో చదువుకాలమున పిల్లలకు పాఠములు చెప్పి పొట్టపోసికొనిరి. మైసూరు ప్రభుత్వ విద్యార్థివేతనముతో పూనాలో ఇంజనీరింగు చదివి 1883లో ముగించిరి. కూటి విద్య యనగా ఏమో వారికి తెలిసినట్లు ఎందఱికి తెలియును? అయినను ఆ విద్య వారి కూటితో ఆగలేదు. 1908లో మూసీనది వరదలో వేలకొలది జనులు మరణించిన పిమ్మట హైదరాబాదు రక్షణకై వారు పథకము వేసిరి. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. 1917లో బెంగుళూరున ఇంజనీరింగు కళాశాల వెలయుటకును, 1943లో శ్రీ జయచామరాజేంద్ర వృత్తి విద్యాసంస్థ ఏర్పడుటకును వారే కారకులు. తమ ఆకలి తీరిన పిదపను పరుల అక్కఱను చూడగలిగినందుననే వారి విద్య నిలిచినది.

భారతములోని ధర్మవ్యాధుని కథయు ఇచట స్మరింపదగినది. తపోగర్వమున కొంగను భస్మము చేసిన కౌశికుడు ధర్మము నేర్చుటకు మిథిలలోని మాంసపు దుకాణమునకు పోవలసివచ్చెను. పుట్టిన కులవృత్తినే పట్టుకొని యుండవలెనని చెప్పుటకు కొందఱు ఈ కథను వాడుకొనిరి. మేము అట్లు గ్రహింపము. వృత్తి ఎంచుకొను స్వేచ్ఛ మన బిడ్డలకు ఉండి తీరవలెను. ఏ పనియైనను కొనువానిని మోసగింపక, ఇంటివారిని విడువక చేసినచో, అందు ధర్మమునకు చోటు కలదనునదియే మేము దానినుండి తీసికొను పాఠము.

ఇక నొక ఆక్షేపణ కలదు. “నెలనెల పింఛను తీసికొనుచు పరోపకారము బోధించుట తేలిక, అప్పులలో నున్న యింటి బాలునకు జీతమే ముఖ్యము” అని ఒక మిత్రుడు మమ్ము మందలించెను. ఆయన చెప్పినది న్యాయమే. కూటిని తేలిక చేయు హక్కు కడుపు నిండినవానికి లేదు. జీతమెంతయో, ఉద్యోగములెన్నియో బాలునకు చెప్పవలెను. కాని నిజము చెప్పవలెను. ఒకని ఇద్దరిగా లెక్కించి చూపిన ఆశ ఋణపత్రము వంటిది. ఇచ్చినవారము మనము, తీర్చువాడు వాడు. భయముతోను ఆశతోను పరీక్ష దాటింపవచ్చునేమో. పరీక్ష దాటిన పిమ్మట, ఎవరును చూడని చోట తీగను సరిగా బిగింపవలెనను బుద్ధి ఆ రెంటివలనను కలుగదు.

కావలసిన దేమన, పనిని ముందుగా చూపుట. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపనిని విద్యకు నడుమ నుంచవలెననెను. 1961 నాటి అప్రెంటిస్ చట్టము పనిచోట నేర్చుకొనుటకు దారి చేసినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి లోపల పదిదినములు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి వద్ద పిల్లలు నేర్వవలెనని సూచించినది. ప్రభుత్వము చేయునది చేయనిండు. మన సంఘమున మెకానికులు కలరు, లెక్కలు వ్రాయువారు కలరు, నర్సులు కలరు, కుట్టుపనివారు కలరు. ఒక్కొక్కరు నెలకొక ఆదివారము మన పిల్లలలో ఒక్కని తమ పనిచోటికి తీసికొనిపోయినచో ఖర్చేమున్నది? జీతము చెప్పుడు; కష్టమును చెప్పుడు; ఆ పని వలన ఎవరికి మేలో చూపుడు. ఆ పిమ్మట వాడు వద్దన్నచో ఆ మాటను వినుడు. మేము మా యింట వినలేదు.

కోటి విద్యలు కూటి కొఱకే. ఈ సామెత అబద్ధమని మేమనుట లేదు. ఎవరి కూటి కొఱకో మాత్రము పెద్దలు చెప్పలేదు. నేర్చినవాని కంచములోనికే యని మనము అర్థము చేసికొంటిమి. ఆనాడు నీరెక్కిన పిమ్మట వసతిగృహమున పొయ్యి వెలిగినది. ఎందఱో పిల్లలు భోజనము చేసిరి. మోటారు బాగుచేసిన బాలుడును వారి వరుసలోనే కూర్చుండి తినెను.