చివరి స్లాష్‌కి తాత్పర్యం

మాటకి అర్థం మాటలోనే ఉంటుందా, మనుషుల ఒప్పందంలో ఉంటుందా? తర్కం చదువుకున్న వాళ్లని ఏనాటి నుంచో వేధించే ఈ ప్రశ్న, సర్వర్ల బ్యాకప్ చూసే నాకు ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెట్టేటప్పుడల్లా ఎదురవుతుంది.

ఫైళ్లని ఒకచోటు నుంచి ఇంకోచోటుకి కాపీ చేసే ఆర్‌సింక్‌కి ‘ఫొటోలు’ అని ఇస్తే ఫోల్డర్‌ని ఫోల్డర్‌గానే అవతల పెడుతుంది. ‘ఫొటోలు/’ అని ఇస్తే లోపలున్నవి మాత్రమే తీసుకెళ్లి పరుస్తుంది. డిస్కులో ఉన్న ఫోల్డర్ ఒక్కటే. మారింది నా తాత్పర్యం, అంటే నేను చెప్పదలచుకున్నది.

న్యాయశాస్త్రానికి ప్రవేశగ్రంథమైన తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష (ఒక మాటకి మరో మాట అవసరం కావడం), యోగ్యత (వాటి అర్థాలు పొసగడం), సన్నిధి (మాటలు వెంటవెంటనే రావడం) ఉండాలన్నాడు. నిప్పుతో తడపమంటే యోగ్యత లేదు. మామూలు ఫైలు పేరు చివర స్లాష్ పెట్టి తెరవమంటే లైనక్స్ ‘ఇది డైరెక్టరీ కాదు’ అని తిప్పికొడుతుంది, అదీ యోగ్యతాలోపమే. అంటే స్లాష్ పేరులో అక్షరం కాదు, ‘ఇది ఫోల్డరే’ అని మనం గట్టిగా చెప్పే మాట. దాన్ని దుమ్ములా దులిపేసే ప్రోగ్రాములంటే నాకు అందుకే కోపం. విండోస్‌లో ‘సి:\’ చివరి గీత తీసేస్తే మిగిలే ‘సి:’ రూట్ (డ్రైవ్‌లో అన్నిటికన్నా పై ఫోల్డర్) కానే కాదు, ఆ డ్రైవ్‌లో అప్పటికి మనమున్న ఫోల్డర్. యూనిక్స్‌లోనైతే రూట్ పేరే స్లాష్, తీస్తే ఏమీ మిగలదు.

ఒక్కచోట అన్నంభట్టుతో ఏకీభవించలేను. పదానికున్న శక్తి, అంటే ఈ మాటకి ఈ అర్థం అనే సంబంధం, ఈశ్వర సంకేతం అంటాడాయన. నవ్యనైయాయికుల్లో (తర్వాతి కాలపు న్యాయశాస్త్రజ్ఞుల్లో) కొందరు ఎవరి ఇచ్ఛ అయినా చాలన్నారు. నేను వాళ్ల పక్షం. 1981లో వచ్చిన మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు, స్లాష్‌ని ఆదేశాల పక్కన స్విచ్‌లకి వాడేశారు. 1983లో ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గుర్తు ఖాళీగా లేదు, వెనక్కి వాలిన గీత తీసుకున్నారు. ఇందులో ఈశ్వరుడి ప్రమేయం ఎక్కడుంది? మ్యాక్‌లో కాపీ చేసే ఆదేశం ‘సీపీ -ఆర్’కి స్లాష్‌తో ఫోల్డర్ ఇస్తే లోపలివే కాపీ అవుతాయి. లైనక్స్‌లో అదే ఆదేశం స్లాష్ ఉన్నా లేకపోయినా ఫోల్డర్‌నే తీసుకెళ్తుంది. రెండూ యూనిక్స్ సంప్రదాయంలోవే. కాబట్టి మా టీమ్‌లో ఎవరైనా స్క్రిప్టు తెచ్చి చూపిస్తే, ఇది ఏ యంత్రం మీద నడుస్తుందని ముందు అడుగుతాను. ఆ తర్వాతే స్లాష్ సంగతి.