అభయప్రదానము

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటెను. జలంత్రకోట ప్రాంతమున, ఉద్దానమంతట కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. పెద్దకొడుకువలె ఇల్లు నిలిపిన కొబ్బరిచెట్టు కూలగా రైతు ఫలసాయమునే కాక, రేపటిపై నమ్మికను గూడ కోల్పోవును. మరల నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ నిరాధారభావమే నిద్రను హరించి, మనస్సును రోగగ్రస్తము చేయును.

అట్టివానికి తొలుత కావలసినది ఉపదేశము కాదు. అర్జునుడు తన విషాదమంతయు వెలిబుచ్చువరకు శ్రీకృష్ణుడు తత్త్వబోధకు పూనుకొనలేదు. విభీషణునకు శ్రీరాముడు ముందుగా ఒసగినది అభయము, లంకాభిషేకము పిమ్మటిది.

కావున భక్తులారా! ఆపన్నుని చెంత కూర్చుండి అతని గోడు వినుడు. “నీవు ఒంటరివి కావు” అనుడు. అవసరమైనచో వైద్యుని యొద్దకు తోడుగా వెళ్లుడు. అదియు భగవత్కైంకర్యమే.