తిలాపాపం తలా పిడికెడు

ఒక్కొక్కటిగా చూస్తే దేంట్లోనూ తప్పు కనిపించదు. అన్నీ ఒకచోట చేరాక మాత్రం బండి కదలదు. అప్పుడు తప్పు ఎవరిది? చాలా పాత ప్రశ్న ఇది. ఇళ్ళలో, ఆఫీసుల్లో, ఊళ్ళలో రోజూ ఎదురయ్యేదే. కానీ అక్కడ దాన్ని నింపాదిగా విప్పి చూసే వీలుండదు, కోపాలూ నష్టాలూ అడ్డొస్తాయి. అందుకని ఒక కంప్యూటర్ గేమ్‌తో మొదలుపెడతాను. అక్కడ దేన్నైనా తీసి చూడొచ్చు, మళ్ళీ పెట్టొచ్చు, కొలవొచ్చు.

ఆ గేమ్ స్కైరిమ్. బెథెస్డా సంస్థ 2011 నవంబర్ 11న విడుదల చేసింది. మంచు కొండలు, డ్రాగన్లు, పాడుబడ్డ కోటలు ఉన్న ఒక కల్పిత దేశంలో మన ఇష్టం వచ్చినట్టు తిరగడమే ఆట. ఇన్నేళ్ళయినా జనం దాన్ని వదలకపోవడానికి ఒక ముఖ్య కారణం మాడ్లు. అంటే, ఆడేవాళ్ళే తయారుచేసి పంచుకునే చేర్పులు. ఒకరు చెట్లకు కొత్త ఆకులు తొడుగుతారు, ఒకరు వానను నిజమైన వానలా కురిపిస్తారు, ఇంకొకరు ఊళ్ళో జనాన్ని పెంచుతారు. చాలావరకు అన్నీ ఉచితమే. 200 మాడ్లు పెట్టుకుని ఆడేవాళ్ళు కూడా అరుదేం కాదు.

ఒకరోజు గేమ్ నెమ్మదిస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు గీయాల్సిన యంత్రం 25 దగ్గర ఈడుస్తుంది. ఊళ్ళోకి అడుగుపెట్టగానే తెర అరసెకను బిగుసుకుపోతుంది. ఎందుకని?

సాధారణంగా అందరూ చేసే మొదటి పని, ఆఖరున పెట్టిన మాడ్‌ను తీసేయడం. తీశాక గేమ్ మళ్ళీ పరిగెత్తితే దొంగ దొరికినట్టే అనిపిస్తుంది. ఈ పద్ధతికి మన తర్కశాస్త్రంలో పేరుంది: అన్వయ వ్యతిరేకాలు. ఇది ఉంటే అది ఉంది, ఇది లేకపోతే అది లేదు, కాబట్టి దానికి ఇది కారణం. నైయాయికులు దీనికొక జాగ్రత్త కూడా చేర్చారు. కుండ తయారయ్యే ముందు మట్టి మోసుకొచ్చిన గాడిద కూడా అక్కడే ఉంది, అంతమాత్రాన కుండకు గాడిద కారణం అయిపోదు. అలా ముందే ఉండి కూడా కారణం కాని వాటిని అన్యథాసిద్ధాలు అన్నారు. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడేనని చెబుతారు. గేమ్ బాగుచేసుకుంటున్న కుర్రాడికి ఈ మాటలేవీ తెలియకపోవచ్చు, చేసేది మాత్రం ఇదే తర్కం.

200 మాడ్లలో ఒక్కటే దొంగ అయితే పట్టుకోవడం సులువు. సగం ఆపేసి చూస్తారు. గేమ్ బాగుంటే దోషం ఆపేసిన సగంలో ఉంది, లేకపోతే మిగిలిన సగంలో ఉంది. మళ్ళీ ఆ సగంలో సగం. ఎనిమిదిసార్లలో ఒక్కదాని దగ్గరికి వచ్చేస్తాం. కానీ ఒక్కోసారి జరిగేది వేరు. మొదటి సగంతో గేమ్ హాయిగా నడుస్తుంది. రెండో సగంతోనూ హాయిగా నడుస్తుంది. రెండూ కలిపితే కూలబడుతుంది. విచారణలో అందరూ నిర్దోషులే, నేరం మాత్రం జరిగింది.

ఇందులో మాయేం లేదు. గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది, 8 గిగాబైట్లు అనుకుందాం. గోడలకూ రాళ్ళకూ బట్టలకూ పైన అతికించే బొమ్మల్ని టెక్స్చర్లంటారు. 4096 చుక్కల పొడవూ అంతే వెడల్పూ ఉన్న టెక్స్చర్ ఒకటి, కుదించాక కూడా, సుమారు 16 మెగాబైట్లు తింటుంది. 2048 అయితే 4 మెగాబైట్లు చాలు. పెద్దవి ఓ 500 చేరితే కార్డు నిండినట్టే. నిండేదాకా ఏ తేడా తెలియదు. నిండిన తర్వాత కొన్ని బొమ్మలు కంప్యూటర్ మామూలు మెమరీలోకి పోతాయి, అవసరమైనప్పుడల్లా అక్కణ్ణుంచి మోసుకురావాలి. తెర బిగుసుకునేది అప్పుడే. స్క్రిప్టుల సంగతీ ఇలాంటిదే. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి దొరికే టైము 16.7 మిల్లీసెకన్లు. అందులో స్క్రిప్టులకు స్కైరిమ్ మామూలుగా ఇచ్చే వాటా 1.2 మిల్లీసెకన్లు. మాడ్లన్నీ ఆ కాస్తలోనే సర్దుకోవాలి. సరిపోకపోతే మిగిలిన పని తర్వాతి ఫ్రేముకు వాయిదా పడుతుంది.

ఇప్పుడు అన్వయ వ్యతిరేకాల పరీక్ష మళ్ళీ పెట్టి చూడండి. మెమరీ నిండి, అంచు మీద కొంచెమే పొంగిందనుకుందాం. ఆఖరి మాడ్ తీస్తే గేమ్ బాగుపడుతుంది. నిజమే. కానీ దాన్ని ఉంచి, ఆర్నెల్ల కిందట పెట్టిన ఇంకోదాన్ని తీసినా బాగుపడుతుంది. అంత బరువున్న దేన్ని తీసినా బాగుపడుతుంది. అంటే ఈ పరీక్ష ప్రతి ఒక్కదాన్నీ దోషి అంటోంది. మనం ఆఖరిదాన్నే పట్టుకోవడానికి కారణం అది చివర్లో రావడమే. ఎవరు ముందొచ్చారో ఎవరు తర్వాతొచ్చారో మెమరీకి పట్టదు. ఆ లెక్క మన బుర్రలో ఉంది.

ఈ లెక్కకు బలైనవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబం ఊహించుకోండి. ఏళ్ళ తరబడి పొలం లెక్కల్లో అనుమానాలు, పెద్దాయన పక్షపాతం, అప్పులు, వంటింట్లో మాటా మాటా. చిన్న కోడలు కాపురానికొచ్చిన ఏడాదికి వేరుపడ్డారు. “ఆ పిల్ల అడుగుపెట్టాకే ఇల్లు ముక్కలైంది” అంటారు. అబద్ధం కాదు, ఆమె రాకముందు ఇల్లు ముక్కలవలేదు. కానీ అంతకుముందు పేరుకున్నవాటిలో ఏదో ఒకటి లేకపోయినా, ఆమె వచ్చాక కూడా నిలబడేదేమో. ఎవరు ఎప్పుడొచ్చారన్నదాన్నే దోషంగా లెక్కగడుతున్నాం. పైగా ఆమెను పుట్టింటికి పంపేస్తే ఇల్లు తిరిగి అతుక్కోదు. స్కైరిమ్‌లోనూ అంతే. ఆట మధ్యలో మాడ్ తీసేసినా దాని స్క్రిప్టుల ఆనవాళ్ళు సేవ్ ఫైల్లో ఉండిపోవచ్చు. అందుకే అనుభవమున్నవాళ్ళు కొత్త ఆట మొదలుపెట్టి పరీక్షించమంటారు. ఇళ్ళకు ఆ సౌకర్యం లేదు.

ఇక రెండో వైపు. బరువు అంచు దాటి చాలా దూరం పోయిందనుకుందాం. ఇప్పుడు ఏ ఒక్క మాడ్ తీసినా తేడా కనబడదు. అదే పరీక్ష ఈసారి ప్రతి ఒక్కదాన్నీ నిర్దోషి అని వదిలేస్తుంది. హైదరాబాద్ చెరువుల కథ ఇలాంటిది. 2020 అక్టోబర్ వానలకు కాలనీలు మునిగినప్పుడు, చెరువుల్లోనూ నాలాల మీదా లేచిన కట్టడాల గురించి చాలా చర్చ జరిగింది. అలాంటి చోట ఇల్లు కట్టుకున్న ఎవరైనా ఒక మాట అడగొచ్చు: “నా 200 గజాలు తీసేస్తే వరద ఆగుతుందా?” ఆగదు. ఆ మాట ఎవరి నోట విన్నా నిజమే. అలాంటి నిజాలన్నీ కలిసే ఊరు మునిగింది.

డెరెక్ పార్ఫిట్ అనే తత్త్వవేత్త 1984లో వచ్చిన ‘రీజన్స్ అండ్ పర్సన్స్’ పుస్తకంలో ఇలాంటి మెలికనే పట్టుకున్నాడు. వెయ్యిమంది హింసించేవాళ్ళు, వెయ్యిమంది బందీలు. ఒక్కొక్కరు ఒక్కోసారి నొక్కే బటన్ వల్ల ఒక్కో బందీకి పెరిగే నొప్పి పైకి తెలియనంత కొంచెం. అందరూ నొక్కితే మాత్రం భరించలేని నొప్పి. “నా వల్ల ఎవరికీ తెలిసేంత బాధ కలగలేదు కదా” అని ఆ వెయ్యిమందిలో ఎవరైనా అనొచ్చు. పార్ఫిట్ ఒప్పుకోడు. ఒక పని విడిగా ఎవరికీ హాని చేయకపోయినా, కలిసి హాని చేసే పనుల్లో ఒకటైనందుకే అది తప్పు కావచ్చంటాడు.

మరి దీన్ని మాడ్ చేసినవాళ్ళకు అంటగట్టొచ్చా? గేమ్ నెమ్మదించినప్పుడు తిట్లు పడేది వాళ్ళకే. రాత్రుళ్ళు కూర్చుని, పైసా తీసుకోకుండా ఒక చెట్టు గీసిన మనిషిని “నీ వల్లే నా గేమ్ పాడైంది” అంటారు. పార్ఫిట్ కథలోని వాళ్ళకు తమ బటన్లన్నీ కలిస్తే ఏమవుతుందో తెలుసు. ఈ చెట్టు గీసినాయనకు మీ మిగతా 199 ఏమిటో తెలియదు, తెలిసే దారీ లేదు. ఆయన చేయాల్సింది ఒకటి ఉంది: తన మాడ్ బరువెంతో దాచకుండా చెప్పడం, వీలైతే చిన్న సైజుది కూడా ఇవ్వడం. చాలామంది అది చేస్తూనే ఉన్నారు. మొత్తం ఎంతవుతుందో చూడగలిగింది వాటిని ఏరి ఒకచోట పేర్చినవాడే. కాబట్టి మొత్తానికి జవాబుదారీ కూడా అతనే.

ఊరి విషయంలో అలా పేర్చినవాడు ఒక్కడు ఉండడు. అందుకే మొత్తాన్ని చూడమని కొన్ని ఆఫీసులు పెట్టుకున్నాం. జీవితాంతం కూడబెట్టిన డబ్బుతో, ఆ నేల సంగతి తెలియక ప్లాటు కొన్నవాడి వాటా వేరు. తెలిసి చెరువును గజాల్లెక్కన అమ్మినవాడి వాటా వేరు. మ్యాపు ముందు పెట్టుకుని కూడా ఒక్కో ఫైలును విడివిడిగా చూసి సంతకం పెట్టినవాడికి “ఈ ఒక్కదానివల్ల ఏమవుతుంది” అనే హక్కు అసలే లేదు. అలా చూడకుండా ఉండటానికే అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

తిలాపాపం తలా పిడికెడు అంటాం. ఎక్కువగా చేతులు దులుపుకోవడానికే ఆ సామెత వాడతాం. అందరికీ ఉంది కాబట్టి ఎవరికీ బరువు లేదన్నట్టు. గేమ్ బాగుచేసేవాళ్ళు చివరికి చేసే పని చూస్తే దాన్ని ఇంకోలా చదవొచ్చనిపిస్తుంది. చాలాసార్లు వాళ్ళు ఎవరినీ బయటికి గెంటరు. 4096 టెక్స్చర్ల బదులు 2048వి పెడతారు. దూరపు కొండా దారిపక్క రాయీ కాస్త నునుపు తగ్గుతాయి, కంటికి పెద్దగా తెలియదు. అదైనా అందరికీ సమానంగా కోయరు. ఒక పాత్ర మాటల్లో రెండు ముక్కలు మార్చిన మాడ్‌కూ, ఊరంతటికీ కొత్త గోడలు కట్టిన మాడ్‌కూ ఒకే కోత అన్యాయం. ఎక్కువ తిన్నది ఎక్కువ తగ్గాలి. పిడికెడు అందరికీ ఉంటుంది, కానీ అందరి పిడికిళ్ళూ ఒకే సైజు కావు. ఎవరిది ఎంతో కొలవడానికి ఓపిక పట్టకపోతే, మళ్ళీ చివరికొచ్చినవాళ్ళనే గడప బయట నిలబెడతాం.