రామదాసు లెక్క: మత సంస్థల పన్ను మినహాయింపు, జవాబుదారీతనం – ఒక నైతిక పరిశీలన

భద్రాచల రామదాసు కథలోని భక్తిని గురించి మన విమర్శకులు విస్తారంగా రాశారు. కథ చివర వచ్చే రసీదు మీద అంతగా దృష్టి పడలేదు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అన్న పేర్లతో తానీషా దగ్గరకు వచ్చి, ఆరు లక్షల వరహాలు చెల్లించి, రసీదు రాయించుకొని, దాన్ని చెరలో నిద్రిస్తున్న రామదాసు తలగడ కింద ఉంచారని జనశ్రుతి. దీని చారిత్రకత ప్రస్తుత వ్యాసానికి అప్రధానం. ఆ కథను అల్లుకున్న జనసమూహం తీసుకున్న నైతిక నిర్ణయమే ఇక్కడ ప్రధానం. ఆ సొమ్ము తన గుడికే ఖర్చయింది గనుక బాకీ చెల్లదని రాముడు వాదించలేదు. బాకీ తీర్చాడు, రసీదు పుచ్చుకున్నాడు. దేవుని పేరిట నడిచే సంస్థ రాజ్యానికి ఏ మేరకు లెక్క చెప్పాలి అన్న ప్రశ్నను ఈ కథ వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కంచెర్ల గోపన్న పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన శిస్తును భద్రాచలంలో ఆలయానికీ నగలకూ వినియోగించాడు. అందులో ఒక్క కాసైనా సొంతానికి వాడుకున్నాడని సంప్రదాయం చెప్పదు. అయినా అభియోగం నిలుస్తుంది. స్వార్థం లేకపోవడం వేరు, అధికారం లేకపోవడం వేరు. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను ఈ దృష్టితో చదివితే అది పద్దుల చిట్టాలా కనిపిస్తుంది. ప్రాకారానికి ఎంతయింది, భరతునికి, శత్రుఘ్నునికి, లక్ష్మణునికి, సీతమ్మకు చేయించిన నగలకు ఒక్కొక్కదానికి ఎంతయింది అన్నది వరుసగా చెబుతాడు. ఆపైన ఈ వైభవం ఎవరి సొమ్మని రాముణ్ణే నిలదీస్తాడు. తండ్రి దశరథుడు ఇచ్చాడా, మామ జనకుడు పంపాడా అని అడుగుతాడు. సాధారణంగా దీన్ని నిందాస్తుతిగా వ్యాఖ్యానిస్తాం. అది సరైనదే. కాని ఆ నింద పదును అంతా ఒక ఆర్థిక సత్యం మీద ఆధారపడింది. ఆ సొమ్ము దశరథునిదీ కాదు, జనకునిదీ కాదు; గోపన్నది అసలే కాదు.

ఇక్కడ ఒక పూర్వపక్షం రావచ్చు. రామదాసు చేసింది వసూలైన పన్నును ఖర్చు పెట్టడం; నేటి మినహాయింపు అసలు పన్నే వసూలు చేయకపోవడం. రెండూ ఒకటెలా అవుతాయి? చట్టం దృష్టిలో ఒకటి కావు. భారం దృష్టిలో మాత్రం దగ్గరివే. ఒకరిని వదిలేసిన రాబడిని మిగిలినవారి నుంచి రాబట్టాలి, లేదా ఏదో ఒక ఖర్చు మానుకోవాలి. అమెరికా సుప్రీంకోర్టు 1970లో వాల్జ్ కేసులో చర్చీల ఆస్తిపన్ను మినహాయింపును సమర్థిస్తూ, పన్ను వేస్తేనే ప్రభుత్వానికి మతంతో చిక్కుముడి పెరుగుతుందని భావించింది. మినహాయింపు కూడా ఒక సహాయమేనని జస్టిస్ డగ్లస్ భిన్నాభిప్రాయం రాశారు. నా మొగ్గు డగ్లస్ వైపే.

మినహాయింపును సమర్థించే వాదాలు నిజానికి రెండు. మతం రాజ్యపు పరిధికి వెలుపలిది, కనుక రాజ్యం దాని జోలికి పోరాదన్నది ఒకటి. మత సంస్థ విద్య, వైద్యం, అన్నదానం వంటి ప్రజాహితం చేస్తుంది, కనుక ప్రోత్సాహానికి అర్హమన్నది మరొకటి. రెండవ వాదం ఒప్పుకుంటే ఆ హితం జరిగిందో లేదో చూపించాలి. చిక్కంతా ఒకే సంస్థ మినహాయింపు కోరేటప్పుడు రెండవ వాదాన్నీ, లెక్క అడిగినప్పుడు మొదటి వాదాన్నీ ఆశ్రయించడంలో ఉంది.

అమెరికాలో ఈ వైఖరికి చట్టమే చోటిచ్చింది. అక్కడ ఇతర ధార్మిక సంస్థలు ఏటా సమర్పించే ఆర్థిక వివరాల పత్రాన్ని చర్చీలు సమర్పించనక్కరలేదు. చర్చిపై పన్ను విచారణ మొదలుపెట్టాలంటే ఉన్నతాధికారి సహేతుకమైన అనుమానాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలని 1984 నాటి చట్టం నిర్దేశించింది. 2007లో సెనేటర్ చక్ గ్రాస్లీ ఆరు టెలివిజన్ సువార్త సంస్థలకు లేఖలు రాసి, జీతాలు, నివాసాలు, విమానాల ఖర్చుల వివరాలు కోరారు. రెండు సంస్థలు సహకరించి తమ పద్ధతులు సవరించుకున్నాయి. మిగిలినవి అడిగిన వివరాలన్నీ ఇవ్వలేదు. 2011 జనవరిలో ఏ శిక్షా లేకుండా విచారణ ముగిసింది. ఆ సంస్థలు తప్పు చేశాయని దీన్నిబట్టి చెప్పలేం. చేయలేదని కూడా చెప్పలేం. లెక్క లేనిచోట నిజాయితీపరుడికి సైతం తన నిజాయితీని చూపించుకునే దారి మూసుకుపోతుంది. రామదాసుకు కనీసం కీర్తన ఉంది!

మన దేశంలో దారి వేరు. 1954 నాటి శిరూరు మఠం తీర్పు మత వ్యవహారాల నిర్వహణను ఆస్తి పరిపాలన నుంచి వేరుచేసి, రెండవదాన్ని చట్టానికి లోబరిచింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం మత ప్రయోజనాలకు వినియోగమైన ఆదాయాన్ని మినహాయిస్తూనే, స్థాపకులకో, ధర్మకర్తలకో, వారి బంధువులకో లబ్ధి చేకూరితే ఆ మినహాయింపు చెల్లదన్నది. హిందూ దేవత చట్టం దృష్టిలో వ్యక్తి అనీ, సేవాయతు ద్వారా ఆ దేవతపై ఆదాయపు పన్ను విధించవచ్చనీ 1969లో సుప్రీంకోర్టు జోగేంద్రనాథ్ నస్కర్ కేసులో తేల్చింది. పన్ను కట్టే దేవుడు ఇతర దేశాల న్యాయవాదులకు వింతగా తోచవచ్చు. రామోజీ కథ విన్న తెలుగువారికి అంత వింత కాదు.

అయితే లెక్క అడగడం వేరు, తాళంచెవులు పుచ్చుకోవడం వేరు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం కింద హిందూ ఆలయాల పరిపాలనలోనే ప్రభుత్వశాఖ ప్రవేశించింది. ఇతర మతాల సంస్థలకు ఈ తరహా అజమాయిషీ లేదన్న ఫిర్యాదును తోసిపుచ్చలేం. దానికి పరిష్కారం అందరికీ ఒకే రకమైన బహిరంగ లెక్క కావాలి గాని, ఎవరికీ లెక్క లేకపోవడం కారాదు. లెక్క అడిగేవాడి మాట కూడా చూడాలి. తానీషా కొలువులో రామదాసుపై సక్రమమైన విచారణ జరిగిందని కథ ఎక్కడా చెప్పదు. పన్నెండేళ్ల చెర, కొరడా దెబ్బలు జవాబుదారీతనం కావు. అది బాకీ వసూలు మాత్రమే. నోటీసు, గడువు, అప్పీలు లేని తనిఖీ మతస్వేచ్ఛకు ప్రమాదమన్న అమెరికా చట్టకర్తల భయంలో ఈ మేరకు న్యాయముంది.

ఇంతవరకూ చెప్పినదంతా సంస్థకూ రాజ్యానికీ మధ్య వ్యవహారం. దాత ఇందులో ఎక్కడున్నాడు? మార్కు సువార్తలో బీద వితంతువు తనకున్న రెండు కాసులూ కానుకపెట్టెలో వేసిన ఉదంతాన్ని దానగుణానికి ఉదాహరణగా తరచు చెబుతారు. దానికి సరిగ్గా ముందు, వితంతువుల ఇళ్లను దిగమింగే శాస్త్రులను క్రీస్తు ఖండించిన వాక్యాలున్నాయి. రెండింటినీ కలిపి చదివితే, ఆ కాసులు ఎటు పోతున్నాయన్న ప్రశ్న తప్పించుకోలేనిది. హుండీలో నోటు వేసే కూలీకి గాని, చందా పంపే ప్రవాసికి గాని ఆ ప్రశ్న అడిగే హక్కు పన్ను అధికారికంటే ముందే ఉంది.

రామదాసు కథలోనూ ఈ లోటే కనిపిస్తుంది. ఆయన దేవునికి లెక్క చెప్పాడు. దేవుడు నవాబుకు చెల్లించాడు. రసీదు రామదాసుకు చేరింది. ఆ శిస్తు కట్టిన పాల్వంచ రైతు మాత్రం ఎక్కడా కనిపించడు. కీర్తనలో ఏ నగకు ఎంతయిందో ఉంది; ఏ ఊరి నుంచి ఎంత వచ్చిందో లేదు.