వ్యసనమును వీడుటకు బలమెక్కడిది?

చెన్నపట్టణమునుండి తిరుపతికి పోవు రైలుమార్గమున మొదట తిరువళ్లూరు, అరక్కోణము దాటిన పిమ్మట తిరుత్తణి తగులును. తిరువళ్లూరున వెలసిన వీరరాఘవస్వామిని భక్తులు వైద్య వీరరాఘవుడని కొలుతురు. అచ్చటి పుష్కరిణికి హృత్తాపనాశిని యని పేరు. అమావాస్యనాడు అందు స్నానము చేసి, తమ రోగములును ఇట్లే కరగిపోవలెనని బెల్లమును నీట కరగింతురు. తిరుత్తణి కొండమీద సుబ్రహ్మణ్యస్వామి శూరపద్మునితో యుద్ధము ముగిసిన పిమ్మట కోపము చల్లారి నిలిచెనని స్థలపురాణము చెప్పును. ఊరిపేరులోని ‘తణి’ యను మాటకు చల్లారుట యనియే అర్థము. ఒకచోట దేహరోగము కరగవలెనను ప్రార్థన. మరియొకచోట మనస్సులోని వేడి చల్లారవలెనను ప్రార్థన. వ్యసనము రోగమా, మనోదోషమా యని నేటికిని చర్చ సాగుచున్నది. ఈ రెండూళ్లకును పోయి మ్రొక్కు సామాన్యజనులు రెండును నిజమేయని ఎన్నడో గ్రహించినట్లు తోచును.

తిరుత్తణి ప్రాంతపు నేతగాని నొకని ఊహింతము. దినమంతయు మగ్గము దగ్గర నుండి, కూలిడబ్బు చేతబడగనే త్రాగుడు దుకాణమునకు పోవుట అతనికి అలవాటు. ఆడికృత్తిక వచ్చుచున్నదనగా అతడు మాల వేసికొనును. పసుపుబట్ట కట్టును. మాంసము ముట్టడు, మద్యము ముట్టడు, నేలమీద పరుండును. పూలకావడి భుజమున నెత్తుకొని కొండ నెక్కి మ్రొక్కు తీర్చుకొనును. దిగివచ్చిన సాయంకాలమే అతని కాళ్లు మరల దుకాణపు దారి పట్టును. ఇంటియొద్ద భార్య అడుగును: “స్వామికోసమని ఇన్నాళ్లు మానితిరి గదా! ఈ పిల్లలకోసమని ఇంక నాలుగునాళ్లు మానలేరా?” అతడు తల వంచుకొనును. ఆమె ప్రశ్నకు అతనియొద్ద జవాబు లేదు.

ఆ ప్రశ్నయే ఈ విషయమునకు మూలము. వ్రతదినములలో మానగలిగినవాడు మానలేనివాడు కాడు. అయినను మరునాడు మానలేకపోవుచున్నాడు. మొదటి దినములందు అతనికి బలము నిచ్చినదేది? తరువాత ఆ బల మెక్కడికి పోయినది?

బలము చట్టమునుండి రావలెనని కొందరందురు. ఆ ప్రయత్నము ఈ సీమయందే జరిగినది. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937లో సేలము జిల్లాయందు మద్యనిషేధము నారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. అప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది. చెంగల్పట్టు జిల్లాలోని తిరువళ్లూరునకు ఆ చట్టము మరి కొన్ని యేండ్లకుగాని రాలేదు. 1948లో మద్రాసు రాష్ట్రమంతటను నిషేధము అమలులోనికి వచ్చెను. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరెను. 1971లో ఆ రాష్ట్రము నిషేధమును సడలించెను, 1974 నాటికి మరల బిగించెను, 1981లో మరల సడలించెను. 1983లో ఏర్పడిన టాస్మాక్ సంస్థ 2003 నుండి చిల్లర విక్రయమును సైతము తన చేతిలోనికి తీసికొనెను. ఆంధ్రప్రదేశమున 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచి నిలిచిరి. 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ నిషేధము వచ్చినవి. 1997లో అదియును సడలెను.

ఈ చరిత్రనుబట్టి చట్టము వ్యర్థమని చెప్పరాదు. దుకాణము మూయబడిన ఊరిలో ఎన్నో ఇండ్లకు కూలిడబ్బు చేరినది. ఎందరో తల్లులు కంటినిండ నిద్రపోయిరి. కాని చట్టము తలుపునకు గొళ్లెము పెట్టగలదు, దాహమునకు పెట్టలేదు. గొళ్లెము తీసిననాడు, లోపలి దాహము తీరనివాడు మరల ఆ తలుపునొద్దనే నిలుచును.

అట్లయిన భయము చాలునా? దీనికి జైనవాఙ్మయమున అందరు నెరిగిన మధుబిందు దృష్టాంతమే సమాధానము. అడవిలో ఏనుగు తరుమగా ఒకడు పాడుబావిలోనికి వ్రేలాడు ఊడను పట్టుకొనెను. క్రింద పాములు నోళ్లు తెరచుకొని యున్నవి. పైన తెల్లనిదొకటి, నల్లనిదొకటి రెండెలుకలు రేయింబవళ్ల వలె ఆ ఊడను కొరుకుచున్నవి. అంతలో తేనెపట్టునుండి ఒక చుక్క అతని నోట బడెను. ఆకాశమార్గమున పోవుచున్న విద్యాధరుడు జాలిపడి చేయి చాచెను. “ఇంకొక్క చుక్క పడనిమ్ము, వచ్చెద” ననెను ఆ మనుష్యుడు.

ఇతడు అజ్ఞాని కాడు. ఏనుగును చూచినాడు, పాములను చూచినాడు, ఎలుకల పండ్ల చప్పుడు విన్నాడు. భయమే మనుష్యుని రక్షింపగలిగినయెడల ఇతడు ఎప్పుడో రక్షింపబడవలెను. త్రాగుబోతునకు కాలేయము చెడునని చెప్పువారు, పొగాకు పొట్లముమీద పుండు బొమ్మ ముద్రించువారు, అతడు చూచుచున్న పామునే మరల చూపుచున్నారు. చూపుట మంచిదే. కాని అతని కన్ను పాముమీద నిలువదు. తరువాతి చుక్కమీద నిలుచును.

కర్మములు ఎనిమిదింటికి మన ఆచార్యులు ఎనిమిది ఉపమానములు చెప్పిరి. అందు వేదనీయము తేనె పూసిన కత్తి, మోహనీయము మద్యము. నాలుకకు తీపి తగులుటయు నాలుక తెగుటయు ఒక్కసారియే జరుగును. ఈ రెండు ఉపమానములును వ్యసనపరుని స్థితిని ఉన్నదున్నట్లు చూపుచున్నవి. అయితే జైనధర్మము ఇంతటితో నిలువలేదు. మద్యపు మత్తు ఆత్మస్వభావము కాదు. అది పైనుండి వచ్చి కప్పినది. వీర్యము, అనగా శక్తి, ఆత్మకు సహజగుణము. దానికి అడ్డము పడినదానిని తొలగింపవచ్చును. కనుక వ్యసనపరుని చూచి “వీడింతే” యనుట క్రూరత్వము మాత్రమే కాదు, అసత్యము గూడ.

మరి ఆ శక్తిని లేపునదేది? గాంధీజీ జీవితమున రెండు ఘట్టములు దీనికి తోడ్పడును. బాల్యమున ఆయన పొగ త్రాగుటకై నౌకరు డబ్బులు దొంగిలించెను. పదునైదేండ్ల ప్రాయమున అన్నగారి అప్పు తీర్చుటకై కడియములోని బంగారు తునక దొంగిలించెను. ఆ తప్పును చీటిపై వ్రాసి, శిక్ష విధింపుమని కోరి, మంచముపట్టియున్న తండ్రి చేతి కిచ్చెను. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. కన్నీరు కార్చి ఆ చీటిని చింపివేసెను. ఆ కన్నీరు చేసిన పని బెత్తము చేయజాలదు. తాను ప్రేమించువాని కన్నీటిలో తన రూపమును చూచుకొన్నవాడు మారుటకు సిద్ధపడును. ఇది మొదటి ఘట్టము.

రెండవది 1888లోనిది. సీమకు పంపుటకు తల్లి పుత్లీబాయి వెనుదీసినప్పుడు, బేచర్జీస్వామి యను జైనముని ఆ యువకునిచేత మద్యమును, మాంసమును, స్త్రీని ముట్టనని ప్రతిజ్ఞ చేయించెను. ఆ సెప్టెంబరు 4న ఆయన బొంబాయిలో ఓడ ఎక్కెను. ఆ మరునాడే తిరుత్తణిలో సర్వేపల్లి రాధాకృష్ణగారు జన్మించిరి. లండనులో మిత్రులెందరు వాదించినను గాంధీజీని నిలిపినది వాదబలము కాదు. తల్లి యెదుట, ముని సాక్షిగా పలికిన మాట ఆయనను నిలిపెను. ప్రేమ కారణము చూపును. వ్రతము ఆ కారణమునకు ఆకార మిచ్చును. సాక్షి దానిని కాచును.

ఇచ్చట నేతగాడు మరల గుర్తునకు వచ్చును. అతని వ్రతమున సాక్షి యున్నాడు, మాల యున్నది, మడి యున్నది. అందుకే ఆ దినములలో బలము వచ్చెను. కాని ఆ వ్రతమునకు తుది యున్నది, ఆ తుదిని దాటించు మరియొక వ్రతము లేదు. పైగా అది మ్రొక్కు, అనగా బాకీ. బాకీ తీరినదని తలచినవాడు మరల స్వేచ్ఛ వచ్చినదని తలచును. నిజమునకు అతడు స్వేచ్ఛగా నున్నది ఆ మాల వేసికొన్న దినములలోనే.

అయిన జన్మాంతము మానెదనని ఒక్కసారిగా ప్రతిజ్ఞ చేయవలెనా? చేయగలవారు చేయుదురు గాక. చేయలేనివారికి ప్రత్యాఖ్యాన మను మార్గము కలదు. జైనగృహములందు చిన్నపిల్లలు సైతము నవకారసి పట్టుదురు. సూర్యోదయమైన 48 నిమిషముల వరకు నీరైనను ముట్టరు. కాలపు మేర చిన్నది. కాని ఆ మేరలోపల కోరికకు “ఇప్పుడు కాదు” అని చెప్పిన మనస్సు కొంచెము గట్టిపడును. మేర తీరగనే మరియొక మేర. ఆచార్య తులసి 1949లో ఆరంభించిన అణువ్రతోద్యమమునకును ఆధార మిదియే. అందు మాదకద్రవ్యములను వాడననుట ఒక నియమము. బలము వచ్చిన పిదప వ్రతము పట్టెదనని కూర్చున్నవానికి బలము రాదు. చిన్న వ్రతము పట్టినవానికి పట్టుటలోనే అది వచ్చును.

తిరుత్తణి కొండకు సంవత్సరములోని దినములకు గుర్తుగా 365 మెట్లున్నవందురు. డిసెంబరు 31న జరుగు మెట్లపండుగలో భక్తులు మెట్టుమెట్టునకు నిలిచి పాడుచు ఎక్కుదురు. 365 మెట్లను ఒక్క అంగలో దాటినవాడు లేడు. కాలిక్రింది మెట్టు నేటిది.

తప్పిననాడు ఏమి చేయవలెను? ఇదియే అందరిని కలవరపెట్టు విషయము. ఒక గ్రుక్క లోనికి పోగానే “వ్రతము చెడినది, ఇంక ఎంత త్రాగిననేమి” యని పడిపోవువారే యెక్కువ. ఆచార్యులు తప్పును నాలుగు మెట్లుగా విభజించిరి: అతిక్రమము, వ్యతిక్రమము, అతిచారము, అనాచారము. త్రాగుబోతు విషయమున దీనిని ఇట్లు చెప్పుకొనవచ్చును. త్రాగవలెనను తలపు పుట్టుట మొదటిది, దుకాణము వైపు అడుగు వేయుట రెండవది, గ్లాసు చేత పట్టుట మూడవది, త్రాగుట నాలుగవది. తలపు నొద్దనే మరలినవాడు ధన్యుడు. వీథిమలుపున మరలినవాడును ధన్యుడే. గ్లాసు క్రింద పెట్టినవాడును గెలిచినవాడే. త్రాగినవానికిని ఆలోచనయు ప్రతిక్రమణమును ఉన్నవి; అనగా తప్పును పెద్దలయెదుట దాచక చెప్పుట, వెనుకకు తిరిగివచ్చుట. కూలిడబ్బు ముందుగా భార్యచేతి కిచ్చుట, దుకాణము లేని దారిని ఇల్లు చేరుట, ఆ వేళకు ఏదేని పని పెట్టుకొనుట మొదలగునవి అల్పములుగ తోచును. కాని రెండవ మెట్టునొద్ద కాపాడునవి ఇవే.

వ్యసనము రోగము కూడ గనుక ఒక హెచ్చరిక అవసరము. చాలకాలము అధికముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినయెడల వణుకు, నిద్రలేమి, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణాపాయమును కలదు. మొదటి దినములు వైద్యుని పర్యవేక్షణలో గడపవలెను. మద్రాసున 1980లో శాంతి రంగనాథన్‌గారు నెలకొల్పిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఇట్టివారికి, వారి కుటుంబములకు చికిత్స చేయుచున్నది. వైద్యుని ఆశ్రయించుట సంకల్పలోపము కాదు. విద్యాధరుడు చాచిన చేతిని పట్టుకొనుటయే అది.

ఆ చేయి చాచువాడు తానును ఒకనాడు బావిలో వ్రేలాడినవాడైన మరియు మేలు. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున, త్రాగుడు మానిన బిల్ విల్సన్ అనునాతనికి మరల దాహము పుట్టెను. అతడు సారాయంగడికి పోక, తనవంటి బాధ పడుచున్న మరియొకనిని వెదకెను. రాబర్ట్ స్మిత్ అను వైద్యుడు దొరికెను. ఆ యిరువురి సంభాషణనుండి ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినది. ఎదుటివానిని నిలుపబోయి విల్సన్ తాను నిలిచెను. జీవులు ఒకరికొకరు తోడ్పడుట తమ ధర్మమని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున చెప్పినదానికి ఇంతకంటె దగ్గరి తార్కాణ మేమి కావలెను?

ఇప్పుడు ఆ నేతగాని భార్య యడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవచ్చును. ఇన్నాళ్లు మానినవాడు ఇంక నాలుగునాళ్లు మానగలడు. అయితే కొండ దిగిన సాయంకాలము మాల తీయుటకు ముందే, ఆ పిల్లల యెదుట, “రేపటి సూర్యోదయము వరకు ముట్టను” అని ఒక్క మాట పలుకవలెను. రేపు ఉదయము ఆ మాటనే మరల పలుకవలెను. స్వామి యెదుట తీరిన మ్రొక్కు ఇంటిలో వ్రతముగ మారవలెను. భార్యయు నిన్నటి తప్పును ఎత్తిచూపక, నేటి మాటకు సాక్షిగ నిలువవలెను.

హృత్తాపము ఒక్క మునుకతో పోవునది కాదు. దినదినము మునుగువానికి పోవును. తేనెచుక్క కొరకు పైకి చూచు కన్ను ఒక్క క్షణము ప్రక్కకు మరలినయెడల, చాచిన చేయి అచ్చటనే యున్నది.