ఏలీయాకు పెట్టిన రొట్టె



"మావాడు గుట్కా నములుతున్నాడు, బండి అడ్డగోలుగా నడుపుతున్నాడు, గట్టిగా బుద్ధి చెప్పండి ఫాదర్" అంటూ పిల్లలను గురువుల వద్దకు తీసుకువస్తుంటారు. చెడు స్నేహాలే కారణం కావచ్చు. కాని పదిహేనేళ్ల వయసులో లోపలి దిగులు చెప్పుకోవడానికి మాటలు దొరకవు. కొందరు దానిని పొగాకుతోనో మద్యంతోనో కాసేపు అణచుకుంటారు. మత్తు దిగాక దిగులు పెరుగుతుంది, నిద్ర చెడుతుంది, మళ్లీ మత్తే కావలసి వస్తుంది.

ఇటువంటి దిగులు ప్రవక్తలకూ తప్పలేదు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం చదవండి. కర్మెలు కొండపై గెలిచిన ఏలీయా, రాణి బెదిరింపుకు పారిపోయి, ఎడారిలో చెట్టుక్రింద చావును కోరుకున్నాడు. దేవదూత మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మరల నిద్రపోనిచ్చాడు, మరల లేపి తినమన్నాడు. ఇక్కడికెందుకు వచ్చావని దేవుడు అడిగింది నలువది దినాల ప్రయాణం తరువాతనే. మనమైతే ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాం, అదీ పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున!

కనుక గుట్కా సంగతికి ముందు, బిడ్డ నిద్రపోతున్నాడా, తింటున్నాడా అని చూడండి. చావు మాట ఎత్తితే పాపమని బెదిరించవద్దు, ఒంటరిగా వదలవద్దు. తీవ్రమైన మానసిక వ్యథ మనిషి బాధ్యతను తగ్గిస్తుందని 1992 నాటి శ్రీసభ సత్యోపదేశ గ్రంథమే చెబుతోంది. జపమాలతోపాటు వైద్యుడూ కావాలి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్‌కు, 14416 నంబరుకు, ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, రుసుము లేదు.